అయ్యగారి కాలేయం

గుంటూరు,
9-2-1968

పూజ్యులైన ఇస్సాకు బావగారికి,

మీ బావమరిది సుందరరాజు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. ఎందుకంటే మీ నెత్తురు నా బల్ల మీదే ఉంది.

పోయిన వారం మీరు కుడి డొక్కలో బరువనీ, నాలుగడుగులేస్తే ఆయాసమనీ వచ్చి మా ఆసుపత్రిలో రక్తం ఇచ్చి వెళ్ళారు గదా. ఆ పరీక్ష చేసింది నేనే. ఎస్.జి.పి.టి. అని ఒక ఎంజైము ఉంటుంది బావా. అది కాలేయంలో కాపురముండాల్సిన వస్తువు. కాలేయానికి దెబ్బ తగిలితే గడప దాటి నెత్తుట్లోకి వచ్చేస్తుంది. మామూలు మనిషికి నలభై లోపు ఉండాలి. మీకు నూట పన్నెండు ఉంది. నమ్మలేక రెండోసారి చేశాను. మళ్ళీ అంతే వచ్చింది.

మా పెద్ద డాక్టరుగారు చీటీ మీద "మద్యపానమా?" అని రాసి ప్రశ్న గుర్తు పెట్టారు. తొమ్మిదేళ్ళుగా ఈ లాబ్‌లో పనిచేస్తున్నాను. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా "అవును" తప్ప వేరే జవాబు రాలేదు. మన జిల్లాల్లో మద్యనిషేధం అమల్లో ఉందని ఇక్కడ పేపర్లో చదువుతుంటాం. మీ నల్లమల పక్కకు ఆ పేపరు వస్తున్నట్టు లేదు. తమరు మిషను ఉపదేశిగారు, ఇళ్ళకు పోయి వాక్యం చెప్పేవారు. తాగుడు మానండని ఆదివారం చెప్పే నోరు శనివారం ఏం చేస్తుందో దూరాన ఉన్నవాణ్ణి నాకేం తెలుసు.

ఇంకో సంగతి. మీ వైద్యం మీ మిషను కమిటీ అనుమతి మీద జరిగింది కనక, రిపోర్టు నకలు గిద్దలూరులో కార్యదర్శి శాంతయ్యగారికి వెళ్ళింది. నేను చూసేలోపే పోస్టులో పడింది. భాగ్యమ్మక్కకు నేనింకా ఏమీ చెప్పలేదు. ఎన్నాళ్ళు చెప్పకుండా ఉండగలనో హామీ మాత్రం ఇవ్వలేను.

ఇట్లు,
మీ కాలేయ క్షేమం కోరే
సుందరరాజు


అర్ధవీడు,
17-2-1968

బావమరిది సుందరరాజుకు,

ఇస్సాకు దీవించి రాయునది. దీవించడం నా వృత్తి గనక దీవించినాను. లేకుంటే వేరే మాటతో మొదలుపెట్టేవాణ్ణి.

నీ చీటీ చేసిన పుణ్యం విను. శాంతయ్యగారు నన్ను గిద్దలూరు పిలిపించినాడు. ఎదురుగా కుర్చీ వేసి, "హల్లెలూయ అను" అన్నాడు. అన్నాను. "అట్ల కాదు, దగ్గరికొచ్చి అను" అని ముక్కు ముందుకు పెట్టినాడు. ఇరవై రెండేళ్ళుగా దేవుణ్ణి స్తుతిస్తున్నాను. వాసన చూడడానికి నా చేత స్తుతి చేయించింది ఆయనొక్కడే. వాసన ఏమీ రాకపోయేసరికి ఆయన మొహం చిన్నబోయింది. అయినా ఏప్రిల్‌లో కమిటీ కూర్చునేదాకా నా నాలుగు పాలేలకు ప్రార్థనకు పోవద్దని ఆర్డరు వేసినాడు.

సుందరం, నేను సారా తాగలేదు. కల్లు వాసన కూడా ఎరగను. ఆరాధనలో ప్రభువు బల్లకు కూడా ద్రాక్షసారా కాదు, ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన రసమే ఇస్తాము, తెలుసు గదా. తిండి సంగతంటావా, మీ అక్కనే అడుగు. పొద్దున ఏమీ తినకుండా సైకిలెక్కుతాను. మధ్యాహ్నం ఇంటికి రాను. చీకటి పడ్డాక ఒక ముద్ద సంగటి, ఇంత ఊరిబిండి పచ్చడి. రోజంతటికీ అదే. ఈ కరువులో అంతకంటే ఎక్కువ అడిగితే భాగ్యమ్మ గరిటె తీసుకుంటుంది. మరి కాలేయం ఎందుకు చెడుతుంది? గాజు గొట్టాలు మార్చి ఎవడో రైలు గార్డు నెత్తురు నా పేరున రాసి ఉంటావు. ఒక్కసారి కడుక్కుని చూడు, గొట్టాలూ, కళ్ళూ.

ఎగతాళి మానేసి ఒక మాట చెప్తాను. నాకు ఆ నాలుగు పాలేలు తప్ప లోకంలో వేరే పని రాదు. ఆ ఇళ్ళకు పోవద్దంటే నేను పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
తాగని తాగుబోతు,
ఉపదేశి ఇస్సాకు


గుంటూరు,
24-2-1968

బావగారికి నమస్కారాలు.

గొట్టాలు కడిగాను, కళ్ళు కూడా కడుక్కున్నాను. అంకె మారలేదు.

రోజుకొక ముద్ద సంగటి తిని మీరు రెండు వందల రెండు పౌండ్లు తూగారు. మా నర్సు మిమ్మల్ని త్రాసు మీద దించి ముల్లు సరిచేసుకుంది. ఈ ముద్ద రహస్యం గవర్నమెంటుకు చెబితే రాష్ట్రంలో కరువు సమస్య తీరిపోతుంది. మనిషికొక ముద్ద, ఎద్దుకొక ముద్ద.

బావా, తాగేవాళ్ళందరూ మొదట తిండి లెక్క చెబుతారు. ఒక కాంట్రాక్టరు నా ఎదుట బిడ్డల మీద ఒట్టు పెట్టాడు, పెడుతుంటే జేబులోంచి సీసా జారి పగిలింది. అందుకని తమ్ముడిగా నా బాధ్యత నేను చేశాను. అక్కకు విడిగా ఉత్తరం రాశాను. సైకిలుకు తగిలించే సంచీ ఒకసారి వెతకమన్నాను. తప్పులేని మనిషికి సంచీ వెతికితే నష్టమేముంది?

పిల్లలు మామయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నారు. నిజం తేలాక వస్తాడని చెప్పాను.

సుందరరాజు


అర్ధవీడు,
7-3-1968

సుందరరాజుకు,

నీ అక్క నీ ఇంటికి చేరింది గదా, సంతోషమేనా? తాను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, పెట్టె సర్దుకుని, కంభంలో రైలెక్కేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు వెతకమన్న సంచీలో దొరికిన సీసా మాత్రం చేతిలో పట్టుకుని పోయింది, పోలీసులు సాక్ష్యం పట్టుకుపోయినట్టు.

ఆ సీసాలో ఉన్నది ప్రభువు బల్ల కోసం పిండిన ద్రాక్ష రసం. నాలుగో పాలెంలో ఒక ముసలాయన పోయినందున అక్కడి బల్ల ఆరాధన వాయిదా పడింది. రసం కొన్నాళ్ళు నాతోపాటు తిరిగి, నన్ను పోవద్దన్నాక సైకిలు సంచీలోనే ఎండలో ఉండిపోయింది, మొత్తం మూడు వారాలు. పులిసింది. మూత తీస్తే బుస్సుమన్నది నిజమే. అందుకు నన్ను వదిలిపెట్టి పోవాలా?

ఇప్పుడు నేనే సంగటి గెలుక్కుంటున్నాను, నేనే తింటున్నాను. పాలేలకు పోవడం లేదు గనక వాళ్ళే నా దగ్గరికి వస్తున్నారు. నిన్న సుబ్బులమ్మ వచ్చింది. మేకలు కాసుకునే మనిషి, మొగుడు చనిపోయినాడు. గడప అవతలే నిలబడి, "ఏందయ్యా, మా పక్కకు రాకపోతివి? మా గలాసుల్లో ఏమన్నా తప్పు జరిగిందా?" అని అడిగింది.

గలాసంటే టీ గలాసు. నీకు చెప్పలేదేమో, చెప్పేంత సంగతి కాదు. ఏ ఇంటికి పోయినా ప్రార్థన కాగానే మేకపాల టీ ఇస్తారు. రేషను చక్కెర వాళ్ళు ముట్టుకోకుండా దాచి, అయ్యగారని నాకు నిండు చేత్తో వేస్తారు. అది తిండి కాదు, మర్యాద. అందుకే లెక్కలోకి రాలేదు. నేను ఏ ఇంట్లోనూ వద్దనను. ఎందుకో తెలుసా? కమిటీ వాళ్ళు ఏడాదికొకసారి జీపులో వస్తారు. ఏ ఇంట్లో గలాసు చాచినా "ఇప్పుడే తాగొచ్చాం" అంటారు. పది ఇళ్ళలో పదిసార్లు అదే మాట. వాళ్ళూ మన పాలేల్లో పుట్టిన బిడ్డలే, చదువుకుని పైకొచ్చి మన గలాసు ముట్టరు. నాకు పదహారేళ్ళప్పుడు ఒక అయ్యగారు మా అమ్మ ఇచ్చిన మజ్జిగ అట్లనే వద్దన్నాడు. మా అమ్మ ఆ మజ్జిగ మాకు పొయ్యలేదు, తాను తాగలేదు. వాకిట్లో పారబోసింది. ఆ దినమే అనుకున్నాను, నేనెవరి గలాసూ వద్దనకూడదని.

మీ అక్కతో ఈ ముక్క చదివి వినిపించు. వినకపోతే చేతికియ్యి.

ఇస్సాకు


గుంటూరు,
15-3-1968

బావగారికి,

ఈసారి ఎగతాళి తరవాత, లెక్క ముందు. రోజుకు ఎన్ని ఇళ్ళు? ఇంటికి ఎన్ని చెంచాలు? వెనువెంటనే రాయండి అని టెలిగ్రాం ఇద్దామనుకుని, మీ ఊళ్ళో టెలిగ్రాం అంటే చావు కబురనుకుంటారని ఆగాను. మీ జవాబు కోసం ఆగలేక అక్కనే అడిగాను. ఆదివారాలు పోను రోజుకు పందొమ్మిది ఇళ్ళంట, ఇంటికి మూడు చెంచాలకు తక్కువ ఉండదంట. ఆ మాట నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, "టీ తిండెట్లయితదిరా?" అంది. మొగుడూ పెళ్ళాలు ఒకే బడిలో చదువుకున్నారు.

యాభై ఏడు చెంచాలు బావా. పావు కిలో పైన చక్కెర, ప్రతి దినమూ.

ఇది పట్టుకుని మా పెద్ద డాక్టరుగారి దగ్గరికి పోయాను. ఆయన చాలాసేపు నవ్వి, తరవాత నవ్వకుండా చెప్పారు. పొట్ట పెరిగినవాళ్ళకు, చక్కెర జబ్బు పట్టబోయేవాళ్ళకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుందంట. సారా చుక్క ముట్టకపోయినా ఎంజైములు పెరుగుతాయంట. వచ్చింది సారా నుంచా, టీ నుంచా అని కాలేయం అడగదు అన్నారు. దాన్ని ఊరికే వదిలేస్తే వెనకాల చక్కెర జబ్బు, రక్తపోటు, గుండె వరసగా వస్తాయంట. "మద్యపానమా?" అన్న ప్రశ్నను ఆయన చేత్తోనే కొట్టేసి, శాంతయ్యగారికి ఉత్తరం రాశారు.

సరదాకు నా నెత్తురు నేనే తీసి చూసుకున్నాను. యాభై ఎనిమిది. కాంటీను బోండాలు. మిమ్మల్ని అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మిగతా సగం ఎందుకు తీసుకోనంటే, అక్క ఆ సీసా లాబ్‌కు తెచ్చి పరీక్ష చెయ్యమని కూర్చుంది. పరీక్ష మందు కలిపాను. నారింజ రంగు ఆకుపచ్చగా తిరిగింది. అంటే అందులో ఆల్కహాలు తయారైంది. మద్యనిషేధ చట్టం ప్రకారం తమరు సైకిలు మీద దొంగసారా రవాణా చేశారు. అక్క నవ్వింది. ఇక్కడికి వచ్చాక మొదటిసారి. ఇంకా రానంటోంది గానీ నవ్విందని మీకు చెప్పాలనిపించింది.

చక్కెర మానండి బావా. మొత్తం.

సుందరరాజు


అర్ధవీడు,
2-4-1968

సుందరానికి,

నీ డాక్టరుగారి ఉత్తరం శాంతయ్యగారికి అందింది. నిన్న కమిటీ కూర్చుంది. తాగుబోతు దొరికినాడని కూర్చున్నవాళ్ళకు టీబోతు దొరికేసరికి చాలా నొచ్చుకున్నారు. కాసేపటికి తేరుకుని కొత్త నేరం మోపినారు. కరువులో పేదల రేషను చక్కెర పాలేలకు పాలేలే తాగేసినానంట.

ఆ మాట అన్నవాడి మొహాన కొట్టలేకపోయినాను, ఎందుకంటే అది నిజం. అక్కడ ఒక్క మనిషి ఒంటి మీద కండ లేదు. సుబ్బులమ్మ మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. అందరి చక్కెరా చేరి నా ఒక్కడి కాలేయంలో కూర్చుంది. ఇన్నేళ్ళూ వాళ్ళ గౌరవం కాపాడుతున్నాననుకున్నాను.

ఇంతలో తీర్మానం రాసినారు. "సేవకులు విశ్వాసుల ఇండ్లలో ఏమియు పుచ్చుకొనరాదు." నా ఆరోగ్యం దృష్ట్యా అంట. రాసేటప్పుడు బల్ల మీద బూందీ లడ్లు ఒక పళ్ళెం, కాఫీలు రెండు విడతలు. శాంతయ్యగారి పొట్ట బల్లకు ఆనుకుని ఉంటే తీర్మానం దాని మీద పెట్టి సంతకం చేసినాడు. ఆ కమిటీని వరసగా నిలబెట్టి నెత్తురు తీస్తే నీ గొట్టాలు చాలవు.

వాళ్ళు ఎప్పుడూ చేసేదే ఇప్పుడు చట్టం చేసినారు. "ఇప్పుడే తాగొచ్చాం" అనే మాటకు సీలు వేసినారు. నేను దాని కింద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. పెట్టలేదు. మే దాకా గడువు అడిగి వచ్చినాను. అంతదాకా పాలేలకు పోనిస్తారు. తాగితే చస్తాను, వద్దంటే వాళ్ళు చస్తారు. ఏం చెయ్యమంటావు?

ఇస్సాకు


గుంటూరు,
10-4-1968

బావగారికి,

కోపగించుకోకుండా చదవండి. మీరు చచ్చిపోతే ఆ ఇళ్ళకు ఎవరొస్తారు? "ఇప్పుడే తాగొచ్చాం" అనేవాళ్ళే వస్తారు. కాబట్టి మీరు బతకడం కూడా ఆ గలాసు మర్యాదలో భాగమే. ఇది నా మాట కాదు, అక్క మాట. నాకు ఇంత తెలివి ఉంటే గొట్టాలు ఎందుకు కడుగుతాను.

నా తెలివి మాత్రం ఇది. ఇంటికి పోగానే వాళ్ళు పొయ్యి రాజేసేలోపే మీరే "అమ్మా, నీళ్ళియ్యి" అని అడగండి. అంటుముట్టు సంగతికొస్తే టీ కంటే నీళ్ళే పెద్ద మాట. వాళ్ళ కుండలో నీళ్ళు అడిగి తాగినవాణ్ణి ఎవరూ అనుమానించరు. నీళ్ళలో చక్కెర ఉండదు, ఖర్చు ఉండదు, తీర్మానానికి కూడా నీళ్ళు గుర్తుండవు. లాబ్‌లో కూర్చుని ఇంత చక్కటి ఉపాయం ఆలోచించినందుకు నన్ను నేనే మెచ్చుకుని ఒక బోండా తక్కువ తిన్నాను.

సుందరరాజు


అర్ధవీడు,
29-4-1968

ఉపాయశాలి సుందరరాజుకు,

నీ చక్కటి ఉపాయం పట్టుకుని సుబ్బులమ్మ ఇంటికి పోయినాను. ప్రార్థన చేసినాను. ఆమె పొయ్యి దగ్గరికి లేవబోతుంటే, "టీ వద్దమ్మా, సల్లగా ఒక చెంబు నీళ్ళియ్యి" అన్నాను. ఎంత తేలికైన మనిషినో చూడండి అన్నట్టు నవ్వినాను కూడా.

ఆమె నా మొహం చూసి, "నీళ్ళా అయ్యా?" అనింది. "చక్కెరంటే కార్డు మీద వస్తాది. నీళ్ళకు కార్డు యాడుంది? మా బాయి ఎండిపోయి నెలన్నర ఆయె. ఊరి బాయికాడికి మమ్మల్ని రానీరు. వాగులో చెలమ తోడుకోని మూడు మైళ్ళు మోస్తాండాము. చెంబెడు నీళ్ళంటే నా కాళ్ళయ్యా అవి."

అంటూనే చెంబు నిండా ముంచి ఇచ్చింది. అడిగింది నేనే, వద్దనలేను. తాగినాను. ఆ నీళ్ళు గొంతు దిగడానికి పట్టినంత సేపు నాకు ఏ టీకీ పట్టలేదు. నన్ను రానియ్యక కొన్నాళ్ళు, ఏం చెయ్యాలో తోచక నేను రాక కొన్నాళ్ళు, రెండు నెలలు గడిచేసరికి నీళ్ళు ఎండిన సంగతి కూడా నాకు తెలియలేదు. వచ్చిన వాళ్ళెవరూ చెప్పలేదు, అయ్యగారికి చెప్పే సంగతి కాదని.

మర్నాడు సైకిలుకు రెండు పక్కలా రెండు బిందెలు కట్టుకుని చెలమకు పోయినాను. వెనక్కి వచ్చేటప్పుడు ఇసకలో సైకిలు తొయ్యాల్సి వచ్చి మూడుసార్లు కూర్చున్నాను. ఆడవాళ్ళు బిందె మీద బిందె పెట్టుకుని నన్ను దాటి పోతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అప్పట్నుంచీ దినమూ పోతున్నాను. ఇప్పుడు ఒక్కసారే కూర్చుంటున్నాను. బిందెలు దించినాక ఏ ఇంట్లో అయినా నీళ్ళు ధైర్యంగా అడుగుతున్నాను. పందొమ్మిది ఇళ్ళు తిరగడం కుదరడం లేదు. ఆరు కుదురుతున్నాయి.

నెత్తురు ఇయ్యడానికి, మీ అక్క కాళ్ళు పట్టుకోవడానికి మే మధ్యలో వస్తాను.

ఇస్సాకు


గుంటూరు,
24-5-1968

బావగారికి నమస్కారాలు.

మీరు అక్కను తీసుకుని రైలెక్కిన మర్నాడు పరీక్ష చేశాను. నలభై ఆరు. బరువు ఇరవై ఒక్క పౌండ్లు తగ్గింది. పెద్ద డాక్టరుగారు ఏ మందు వాడారని అడిగితే రెండు బిందెలు, పూటకోసారి అని చెప్పాను. రాసుకున్నారు.

నాది అరవై ఏడుకు పెరిగింది. రెండు నెలలు అక్క నా ఇంట్లో ఉండి మీ మీద కోపమంతా అరిసెలుగా వండి నాకు పెట్టింది. మీ సంసారం చక్కబడినందుకు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. సంతకం సంగతి ఏమైంది?

సుందరరాజు


అర్ధవీడు,
18-6-1968

సుందరానికి,

సంతకం అవసరం లేకుండా పోయింది. శాంతయ్యగారు జీపులో తనిఖీకి వస్తూ, వాగు దారిలో ఆడవాళ్ళ మధ్య బిందెలు తోలుకొస్తున్న నన్ను చూసినాడు. జీపు ఆపి, "ఉపదేశివా, నీళ్ళు మోసేవాడివా?" అని అడిగినాడు. రెండూ అన్నాను. సేవకుని హోదాకు భంగం కలిగించినందుకు ఈ నెల ఒకటి నుంచి నన్ను తీసేసినారు. తాగుడు కేసు నిలవలేదు, చక్కెర కేసు నిలవలేదు, నీళ్ళ కేసులో పట్టుబడినాను. ఇంత మంచి కాలేయంతో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఈ జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాను.

భాగ్యమ్మ బడి జీతం ఉంది, ఇల్లు గడుస్తుంది. ఆమె ఉత్తర్వు చదివి మడిచి, పొద్దున్నే బిందెలు తోమి వాకిట్లో పెట్టింది.

ఆ మర్నాడు పాలెం పోవడానికి సైకిలు రెండుసార్లు బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టినాను. ఇరవై రెండేళ్ళు అయ్యగా పోయినవాణ్ణి. ఇప్పుడు ఏమని పోవాలి? ప్రార్థన చెయ్యడానికి నాకు హక్కు లేదు, పుస్తకం తీసుకుపోలేదు. నీళ్ళు మాత్రం తీసుకుపోయినాను. తీసేసిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. సుబ్బులమ్మ గుడిసె ముందు సైకిలు ఆపి, పిలవాలా, ఊరికే దించి పోవాలా అని నిలబడినాను.

లోపల్నుంచే కేకేసింది. "ఇస్సాకన్నా, ఆ బిందె ఇట్ల పట్రా. సంగటి దించుతాండా, ఇంత తినిపో."

పీట వెయ్యలేదు. పొయ్యి మీద టీ పెట్టలేదు. అన్నకు ఎవరు టీ పెడతారు? తన తట్టలోనే సగం సంగటి నా ముందుకు తోసి, కారం వేసి, మేక పిల్ల జబ్బు గురించి చెప్పుకుంటూ తినింది. నాకు ఏడుపొచ్చింది. పొగ అని చెప్పినాను.

ఇట్లు,
ఇస్సాకు